ఓపిక కూడా అమానతే

నారపల్లిలో మా వీధి చివరి ఇంట్లో ఒక సోదరి ఉంటారు. వయసు యాభై దాటింది. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను ఆపా అనే పిలుస్తారు. ఒకప్పుడు నాచారంలో బట్టలు కుట్టే కంపెనీలో పనిచేసేవారు. ఫజర్ నమాజు చేసి, వంట ముగించి, పిల్లలకు డబ్బాలు సర్ది బయల్దేరేవారు. ఉప్పల్ రింగురోడ్డు దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి నాచారానికి మరో బస్సు. 2018లో ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు మొదలయ్యాక ఆ రోడ్డు మీది దుమ్ము, గుంతలు, ట్రాఫిక్ ఎలాంటివో అటు తిరిగిన వారికి చెప్పనక్కరలేదు. అయినా సాయంత్రం ఇల్లు చేరి మళ్లీ వంటింట్లోకే వెళ్లేవారు. ఇఫ్తార్‌కు పదిమంది వచ్చినా ఆమె ముఖంలో విసుగు కనిపించేది కాదు.

తర్వాత ఆమెకు కీళ్లవాతం వచ్చింది. రుమటాయిడ్ అన్నారు డాక్టర్లు. ఈ జబ్బులో కీళ్లు వాచి నొప్పి పెట్టడమే కాదు, పొద్దున లేవగానే వేళ్లు, మణికట్లు గంటకు పైగా బిగుసుకుపోతాయి. పని చేయకపోయినా ఒళ్లంతా పిండేసినట్టు నీరసం కమ్ముతుంది. వాచిన వేలు పదిమందికీ కనిపిస్తుంది గాని నీరసం ఎవరికీ కనిపించదు. అందుకే "ఎప్పుడు చూసినా పడుకునే ఉంటుంది" అన్న మాట ఆమె చెవిన పడింది.

రమజాన్‌కు ముందు ఒకరోజు పలకరించడానికి వెళ్లాను. మాటల మధ్యలో ఆమె కళ్లు చెమర్చాయి. "కుర్చీలో కూర్చుని చేసే నమాజు కూడా నమాజేనా బేటీ? రోజాలు ఉండలేను. తరావీహ్‌లో నిలబడలేను. ఇంట్లో ఎవరికీ పనికిరాను. అల్లాహ్ నన్ను పక్కన పెట్టేశాడేమో!" అన్నారు.

ఈ ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు. డయాలసిస్‌కు వెళ్లివచ్చే తండ్రి, కాన్పు తర్వాత కోలుకోని కోడలు, గుండె ఆపరేషన్ అయిన అన్న, వయసు మీద పడిన నానీమా... మన ఇళ్లలో ఎందరో లోలోపల ఇదే అడుగుతున్నారు. వారికి ఇస్లాం ఏం చెబుతోంది?

దైవప్రవక్త (స) కాలంలో జరిగిన ఒక సంఘటన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఆయన మస్జిదులోకి వచ్చేసరికి రెండు స్తంభాల మధ్య ఒక తాడు కట్టి ఉంది. ఇదేమిటని అడిగారు. అది హజ్రత్ జైనబ్ (రజి)ది అనీ, నమాజులో అలసిపోయినప్పుడు ఆమె దాన్ని పట్టుకుని నిలబడతారనీ చెప్పారు. ఆయన ఆ తాడు విప్పేయమన్నారు. ఉత్సాహం ఉన్నంతసేపే నమాజు చేయాలనీ, అలసిపోతే కూర్చోవాలనీ బోధించారు.

హజ్రత్ జైనబ్ (రజి) సోమరి కారు. ఆరాధన మీద మక్కువతోనే ఆమె ఆ తాడు కట్టారు. ఆ మక్కువను దైవప్రవక్త (స) తప్పుపట్టలేదు. శరీరానికి లేని బలాన్ని తాడుతో లాగి తెచ్చుకోవడాన్ని మాత్రం ఆమోదించలేదు. ఎందుకంటే ఈ శరీరం మన సొంతం కాదు. ఇది అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అందులోని ఓపిక కూడా అమానతే. పొరుగువాడు దాచమని ఇచ్చిన సొమ్మును మంచిపనికే అయినా ఇష్టమొచ్చినట్టు ఖర్చు చేయగలమా? శరీరానికి మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) తన సహచరుడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు స్పష్టంగా చెప్పారు. ఆ యువకుడు పగలంతా ఉపవాసాలు, రాత్రంతా నమాజులతో గడిపేవారు.

ఇక కుర్చీ నమాజు సంగతి. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు మొలల బాధ ఉండేది. నమాజు ఎలా చేయాలని అడిగితే, నిలబడి చేయాలనీ, అది చేతకాకుంటే కూర్చుని, అదీ చేతకాకుంటే పక్కకు ఒరిగి చేయాలనీ దైవప్రవక్త (స) సెలవిచ్చారు. రుకూ, సజ్దాలకు వంగలేనివారు తలతో సైగ చేస్తారు. సజ్దాకు తలను మరికాస్త ఎక్కువగా వంచుతారు. రోజాల విషయంలోనూ దివ్యఖుర్ఆన్ అల్‌బఖరా సూరా రోగులకు సడలింపు ఇచ్చింది. కోలుకునే ఆశ ఉన్నవారు తర్వాత ఆ రోజాలు పూర్తిచేస్తారు. కోలుకునే ఆశ లేనివారు రోజాకు ఒకరి చొప్పున పేదవారికి భోజనం పెడతారు. తమ స్థితి ఏదో డాక్టరునూ, ఆలింనూ అడిగి తెలుసుకోవాలి. ఈ సడలింపులు అల్లాహ్ స్వయంగా ఇచ్చినవి. ఆయన ఇచ్చినదాన్ని సిగ్గుపడుతూ తీసుకోవడం దేనికి?

ఇక్కడ కొందరికి ఒక సందేహం రావచ్చు. దైవప్రవక్త (స) పాదాలు వాచేదాకా రాత్రి నమాజులో నిలబడేవారు కదా, ఇలా సడలింపులు చెబుతూ పోతే సోమరితనానికి దారి తీయదా అని. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ దైవప్రవక్తే (స) వయసు పైబడ్డాక రాత్రి నమాజులో కూర్చుని ఖుర్ఆన్ పారాయణం చేసేవారనీ, ముప్పై నలభై ఆయతులు మిగిలి ఉండగా లేచి నిలబడి, వాటిని పఠించి రుకూ చేసేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఓపిక ఉన్నప్పుడు ఉన్నంత ఇచ్చారు. తగ్గినప్పుడు తగ్గినంతలో ఇచ్చారు. నమాజును మాత్రం వదలలేదు. సోమరికీ, అశక్తుడికీ తేడా ఇక్కడే ఉంది. సోమరి ఉన్న బలాన్ని దాచుకుంటాడు. అశక్తుడు ఉన్న కాస్తనూ తెచ్చి ప్రభువు ముందు పెడతాడు. జైనబ్ (రజి) తాడు విప్పమన్నారే గాని నమాజు మానమనలేదు.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే సత్కార్యాలు జబ్బువల్ల ఆగిపోతే, వాటి పుణ్యం ఆగకుండా రాయబడుతూనే ఉంటుందని బుఖారీ హదీసు శుభవార్త ఇస్తోంది. నాచారం నుంచి అలసి వచ్చి కూడా ఇఫ్తార్ వండిన ఆ చేతుల లెక్క మూసేయలేదన్నమాట! ఈ మాట చెప్పగానే ఆపా చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

మరి మిగిలిన ఆ కాస్త ఓపికతో బతుకు ఎలా గడపాలి? అల్లాహ్‌కు అన్నిటికంటే ప్రియమైన ఆచరణ కొద్దిపాటిదైనా నిలకడగా చేసేదేనని దైవప్రవక్త (స) తెలిపారు. సోదరుణ్ణి చూసి చిరునవ్వు నవ్వడం కూడా దానమేనన్నారు. పడుకుని ఉన్నా నాలుక అల్లాహ్‌ను స్మరించగలదు.

ఇంకో సంగతి కూడా మనం మరచిపోతుంటాం. చిన్న చిన్న సంతోషాలను స్వీకరించడం దైవప్రవక్త (స) జీవితంలో భాగం. వాన పడితే ఆయన ఒంటిమీది వస్త్రం కాస్త తొలగించి చినుకులు తాకనిచ్చేవారు. అది ప్రభువు వద్ద నుంచి అప్పుడే వచ్చిందని కారణం చెప్పారు. కొత్త పంటలో తొలి పండు తెచ్చి ఇస్తే శుభం కోసం దుఆ చేసి, అక్కడున్న వారిలో అందరికంటే చిన్నపిల్లవాడికి ఇచ్చేవారు. వానకు చేయి చాపడానికి ఎంత బలం కావాలి? పిల్లవాడి చేతిలో పండు పెట్టడానికి ఎంత ఓపిక కావాలి? జూన్‌లో తొలకరి పడ్డప్పుడు కిటికీ తెరవడం, వరంగల్ రోడ్డు మీద బండ్లలో సీతాఫలాలు దిగినప్పుడు ఒకటి వలిచి మనవడి నోట్లో పెట్టడం, ఓపిక ఉన్న సాయంత్రం ఆటోలో భాగ్యనగర్ నందనవనం దాకా వెళ్లి పది నిమిషాలు చెట్ల కింద కూర్చోవడం... అల్‌హందులిల్లాహ్ అనుకుంటే ఇవన్నీ కృతజ్ఞతలే. కృతజ్ఞత ఆరాధన కాదా?

చివరగా ఆరోగ్యవంతులతో ఒక మాట. ఆ తాడు విప్పమని దైవప్రవక్త (స) పక్కవారికి చెప్పారు. మన ఇళ్లలో కూడా తాళ్లు ఉన్నాయి. "మా అత్త ఈ వయసులో కూడా అన్నీ చేసేది" అన్న పోలిక ఒక తాడు. జబ్బుమనిషి ఉన్న ఇంటికి చెప్పకుండా దావత్‌కు దిగడం ఒక తాడు. నీరసమంటే నమ్మకపోవడం అన్నిటికంటే గట్టి తాడు. వాటిని విప్పవలసిన చేతులు మనవే. వండిన గిన్నె ఒకటి పంపడం, "ఈరోజు ఎలా ఉంది?" అని అడిగి జవాబు పూర్తయ్యేదాకా వినడం... తాడు విప్పడమంటే ఇంతే.

ఆ రమజాన్‌లో ఆపా ఇంట్లో వంట కొడుకు, కోడలు చూసుకున్నారు. రోజూ ఇఫ్తార్‌కు కాస్త ముందు ఆమె కుర్చీలో కూర్చుని ఖర్జూరాలు లెక్కపెట్టి పళ్లెంలో సర్దేవారు. ఆ ఒక్క పనీ ఆమెదే. రోజాదారుల చేతికి ఖర్జూరం అందించిన పుణ్యంలో ఆమెకు వాటా లేదని ఎవరనగలరు?

అల్లాహ్ రోగులకు స్వస్థతను, అలసినవారికి ఊరటను, ఆరోగ్యవంతులకు వారిని అర్థం చేసుకునే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.