పక్కకు తిరిగి చూచిన మోషే



మీలో పెద్దవారు గానుగను చూచే ఉంటారు. నేడు గానుగ నూనె అమ్మే దుకాణాలలో మోటారు తిరుగుతున్నది గాని, వెనుకటి రోజులలో ఎద్దు తిరిగేది. దాని కళ్ళకు గంతలు కట్టేవారు. తెల్లవారిన దగ్గర నుండి అది నడుస్తూనే ఉండేది. సాయంత్రం గంతలు విప్పి చూస్తే పొద్దున ఎక్కడ ఉన్నదో అక్కడే ఉన్నది! అంత దూరం నడిచినా ఏ ఊరూ చేరలేదు. అందుకే మన పెద్దలు తీరిక లేని బతుకును "గానుగెద్దు బతుకు" అన్నారు.

ప్రియ పాఠకులారా, ఒక్కసారి మన ఇంటిని చూద్దాము. తెల్లవారక ముందే తల్లి లేస్తుంది. నీళ్ళు పట్టాలి, వంట చేయాలి, పిల్లల క్యారేజీలు సర్దాలి. ఆరున్నరకు స్కూలు బస్సు. తండ్రికి ఎనిమిది గంటల బస్సు. సాయంత్రం ట్యూషన్లు. రాత్రి ఇంటికి చేరేసరికి ఒకరు టి.వి. ముందు, ఒకరు సెల్‌ఫోను ముందు, ఒకరు నిద్రలో. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకుకు రాత్రి డ్యూటీ. అమెరికాలో ఉన్న కూతురికి అక్కడ రాత్రి అయినప్పుడు మనకు ఇక్కడ పొద్దు పొడుస్తుంది. ఫోనులో ముఖము కనబడుతుంది, "తిన్నావా? బాగున్నావా?" అనగానే అటు వారికో ఇటు వారికో వేళ మించిపోతుంది. ఒకే కప్పు కింద ఉన్నవారికి కూడ కలిసి కూర్చొని అన్నం తినే పూట వారానికి ఒకటి దొరకడం లేదు. ఎవరిని అడిగినా ఒకటే మాట: "తీరిక లేదు ఫాదర్!"

ఈ మాట అబద్ధం కాదు. కాలము మారింది. ఊరిలో పొలం పని ఉన్నప్పుడు ఉండేది, లేనప్పుడు అరుగు మీద కూర్చునేవారు. నేడు అరుగులు లేవు. ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన "లౌదాతో సీ" అను లేఖలో, మార్పుల వేగము, మనిషి బతుకులో, పనిలో పెరిగిన వేగము గూర్చి హెచ్చరించారు. ఆ వేగానికీ సృష్టిలో సహజముగా నెమ్మదిగా సాగే మార్పుకూ పొంతన లేదని ఆయన గుర్తుచేశారు. కాబట్టి ఇది మన ఒక్క ఇంటి కథ కాదు.

కాని తీరిక లేకపోవడము అన్నది క్రొత్త సంగతి కాదు సుమా! నిర్గమకాండము 5వ అధ్యాయము చదవండి. మోషే, అహరోనులు ఫరో వద్దకు వెళ్ళి ఏమి అడిగారు? ఎడారిలో మూడు దినముల ప్రయాణము చేసి దేవునికి బలి అర్పించడానికి సెలవు. ఫరో ఏమి చేశాడు? వీళ్ళు సోమరులయ్యారు కాబట్టే పూజలు, బలులు అంటున్నారన్నాడు. ఇటుకలు చేయడానికి ఇచ్చే గడ్డి ఆపించాడు. గడ్డి వాళ్ళే ఏరుకోవాలి, కాని ఇటుకల లెక్క మాత్రము ఒక్కటి కూడ తగ్గరాదు! అతని ఉపాయము గమనించారా? పని పెంచితే ప్రజలకు దేవుని మాట వినే వేళ ఉండదు. వేళ లేనివాడు స్వేచ్ఛ గూర్చి తలచడు.

నేడు మన మీద కొరడా పట్టుకొన్న ఫరో లేడు. కాని మన లోపలే ఒక ఫరో కూర్చున్నాడు. "ఇంకా కొంచెం సంపాదించు. పక్కింటివారు స్థలం కొన్నారు. నీ పిల్లవాడికి ర్యాంకు రాలేదు. ఆదివారం కూడ స్పెషల్ క్లాసు ఉంది, పూజకు వచ్చేవారం వెళ్ళవచ్చు" అంటున్నాడు. ఇటుకల లెక్క పెరుగుతూనే ఉన్నది, తగ్గడము లేదు.

మరి విడుదల ఎక్కడ మొదలైంది? ఫరో అంతఃపురంలో కాదు, గొర్రెల మందలో. మోషే తన మామ యిత్రో గొర్రెలను మేపుతున్నాడు. ఎన్నాళ్ళ నుండి? అపోస్తలుల కార్యములు 7వ అధ్యాయము ప్రకారము నలువది సంవత్సరములు గడిచాయి. అదే మంద, అదే ఎండ. ఆ దినము కూడ మందను తోలుకొనే హోరేబు కొండ దగ్గరకు వచ్చాడు. అక్కడ ఒక పొద మండుతున్నది, కాని కాలిపోవడము లేదు. ఎడారిలో ఎండిన పొద మండడము వింత కాదు. అది ఎంతకీ కాలిపోవడము లేదని తెలియాలంటే కాసేపు నిలబడి చూడాలి! మోషే అదే చేశాడు. "నాకెందుకు, గొర్రెలు చెదిరిపోతాయి" అనుకోలేదు. తన దారిని విడిచి పక్కకు తిరిగాడు.

తరువాతి వచనము ఇంకా ముఖ్యము. మోషే పక్కకు తిరగడము చూచిన మీదటనే దేవుడు పొద నుండి అతనిని పేరుపెట్టి పిలిచాడని గ్రంథము చెబుతున్నది (నిర్గమ 3:4). అతడు తిరిగేదాకా దేవుడు ఓపికగా కాచుకొని ఉన్నాడు! ఒక జాతికి జాతి దాస్యము నుండి విడుదల కావడానికి నాంది ఏమిటంటే, ఒక గొర్రెల కాపరి తన రోజువారీ దారి నుండి వేసిన ఆ ఒక్క అడుగు.

సహోదరులారా, దినచర్య చెడ్డదని నేను చెప్పడము లేదు. యేసుప్రభువు ముప్పది ఏండ్లు నజరేతులో సామాన్య జీవితము గడిపారు. మరియతల్లి రోజూ నీళ్ళు తెచ్చింది, వంట చేసింది. దినచర్యలు రెండు రకాలు. కొన్ని మనలను మోస్తాయి. కొన్ని మనలను మింగుతాయి. ఆరవ శతాబ్దములో పునీత బెనెడిక్టుగారు తన సన్యాసులకు రాసిన నియమావళిలో ప్రతి పూటకు పని, ప్రతి పూటకు జపము ఏర్పరచారు. కాని జపపు గంట వినబడిన వెంటనే చేతిలో ఏ పని ఉన్నా అక్కడే విడిచి రావాలని ఆజ్ఞాపించారు. ఆ గంటే పనికి హద్దు. మన విచారణలలో ఉదయము, మధ్యాహ్నము, సాయంత్రము మ్రోగే త్రికాల జపపు గంట కూడ అందుకే. ఆ గంట వినగానే మన తాత ముత్తాతలు పొలంలో నాగలి ఆపి, తలపాగా తీసి, మంగళవార్త జపము చెప్పుకొనేవారు. ఆ నిమిషములో పొలము పారిపోలేదు, ఎద్దులు పారిపోలేదు. కాని ఆ నిమిషము వలన వారు గానుగెద్దులు కాకుండా బిడ్డలుగా బ్రతికారు.

ఇక్కడ నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. చాలా సంవత్సరముల క్రితము నేను ఒక విచారణలో ఉన్నప్పుడు ఆదివారము మొదటి పూజ కాగానే తొమ్మిది గంటలకు పక్క ఊరిలో రెండవ పూజ ఉండేది. ఒక వృద్ధుడు పూజ అయ్యాక గుడి వరండాలో బల్ల మీద కూర్చొనేవాడు. "ఫాదర్, రెండు నిమిషాలు మాట్లాడాలి" అన్నాడు. నేను మోటారు సైకిలు స్టార్టు చేస్తూ, "వచ్చే వారం తాతా" అన్నాను. వచ్చే వారము కూడ అదే మాట. మూడవ వారము ఆయన ఏమీ అనలేదు, లేచి దండము పెట్టాడు. నేను చెయ్యి ఊపి వెళ్ళిపోయాను. నాల్గవ వారము బల్ల ఖాళీ. బుధవారము ఆయన భూస్థాపన చేశాను. సమాధి దగ్గర ఆయన భార్య, "మీతో ఏదో చెప్పాలని అనేవాడు ఫాదర్. నాకు చెప్పలేదు" అన్నది.

ఆయన ఏమి చెప్పదలచాడో నాకు నేటికీ తెలియదు. ఒక జపము కోరాడో, ఒక భయము చెప్పుకోవాలనుకొన్నాడో, లేక ఊరికే ఒకరితో మాట్లాడాలనుకొన్నాడో! నేను పరుగెత్తినది పాపపు పనికి కాదు, పూజకే. మంచి సమరీయుని కథలో దెబ్బలు తిన్న మనిషిని దాటిపోయిన యాజకుడు కూడ దుర్మార్గుడని ప్రభువు చెప్పలేదు. అతడు తన దారిన తాను పోయాడు, అంతే. సమరీయుడు మాత్రము ఆగాడు. రెండు నిమిషములు ఆలస్యముగా వెళితే పక్క ఊరి జనము నన్ను క్షమించేవారు. ఆ తాత కూడ నన్ను క్షమించి ఉంటాడనే నమ్ముతున్నాను. కాని ఆ రెండు నిమిషములు ఇక తిరిగి రావు.

కాబట్టి మన జపము, మన పూజ కూడ గానుగ కావచ్చును. చేతిలో జపమాల తిరుగుతుంది, కళ్ళు సీరియల్ మీద ఉంటాయి. నోరు పరలోక జపము చెబుతుంది, మనస్సు పొయ్యి మీద పాలు చూస్తుంది. పూజలో ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో శరీరానికి కంఠతా వచ్చేసింది. దేవుడు మన దారి పక్కనే మండుతున్నాడు, మనము తల వంచుకొని దాటిపోతున్నాము.

యోహాను సువార్త 4వ అధ్యాయములో ఒక స్త్రీ ఉన్నది. నీళ్ళ కోసము యాకోబు బావికి రావడము ఆమెకు రోజూ ఉన్న పనే. ఆ మిట్టమధ్యాహ్నము బావి దగ్గర ఒకరు కూర్చొని నీళ్ళు అడిగారు. ఆమె మాట్లాడింది, వాదించింది, విన్నది. చివరకు కుండను అక్కడే విడిచి ఊరిలోనికి పరుగెత్తింది. ఏ పని మీద వచ్చిందో ఆ పనే మరచిపోయింది! మరునాడు ఆమె మరల నీళ్ళకు వచ్చే ఉంటుంది. కుండ అదే, బావి అదే. కాని ఆమె అదే మనిషి కాదు. ప్రభువు మన కుండను పగులగొట్టడు. కాసేపు క్రింద పెట్టమంటాడు.

శ్రీసభ మనకు ఆదివారమును ఇచ్చినది ఇందుకే. 1983 నాటి శ్రీసభ చట్టము 1247వ నియమము ఆదివారము పూజలో పాల్గొనాలని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. దైవారాధనకు, ప్రభుదిన సంతోషానికి, మనస్సుకు శరీరానికి కావలసిన విశ్రాంతికి అడ్డు వచ్చే పనులను మానాలని కూడ చెప్పింది. 1998లో పునీత రెండవ జాన్ పౌలు పాపుగారు ఒక పూర్తి లేఖనే ఆదివారము గూర్చి రాశారు. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో ఇంకొక మాట ఉన్నది. విశ్రాంతి దినమున నీవు మాత్రమే కాదు, నీ దాసుడు, నీ దాసి కూడ విశ్రమించాలి, నీవు ఐగుప్తులో దాసుడవై ఉన్న సంగతి గుర్తుంచుకోమని ప్రభువు అన్నారు. దాసునికి సెలవు లేదు. బిడ్డకు సెలవు ఉన్నది.

అయ్యలారా, ఇక్కడ ఒక మాట. ఆదివారము మనకు సెలవు, మరి ఇల్లాలికో? ఆ రోజే మాంసం కూర, ఆ రోజే చుట్టాలు, ఆ రోజే వారం బట్టలు! ఇంటిల్లిపాది విశ్రాంతి ఒక్క తల్లి వీపు మీద పెట్టి మనము ప్రభుదినము ఆచరించామంటే ప్రభువు ఒప్పుకొంటారా? కొడుకు నీళ్ళు పట్టవచ్చు. తండ్రి గిన్నెలు కడగవచ్చు. కడిగితే మగతనము కరిగిపోదు.

ఆదివారము కూడ డ్యూటీ ఉన్న నర్సులు, డ్రైవర్లు, కాపలా కాసేవారు, ఆ రోజు కూలి పోతే పొయ్యి వెలగనివారు మనలో ఉన్నారు. వారిని నేను నిందించను. ప్రభువుకు వారి చెమట తెలుసు. మోషే కూడ సెలవు పెట్టి కొండకు వెళ్ళలేదు, పనిలో ఉండగానే పక్కకు తిరిగాడు. వారు కూడ ఆ ఒక్క అడుగు వేయగలరు.

ఈ వారము మూడు చిన్న పనులు చేద్దాము. మొదటిది, రోజుకు ఒకసారి, గంట వినబడినా వినబడకపోయినా, చేతిలోని పని ఆపి ఒక్క మంగళవార్త జపమైనా నెమ్మదిగా చెబుదాము. రెండవది, వారములో ఒక్క రాత్రి ఫోనులు అన్నీ ఒక బుట్టలో పెట్టి, టి.వి. కట్టి, ఇంటిల్లిపాది కలిసి భోజనము చేసి కుటుంబ ప్రార్థన చేద్దాము. దూరాన ఉన్న బిడ్డల పేర్లు ఆ ప్రార్థనలో చెబుదాము. మూడవది, "రెండు నిమిషాలు" అడిగి మన కోసము కాచుకొని ఉన్నవారు ఎవరో గుర్తు చేసుకొందాము. ముసలి తల్లి కావచ్చు, మాట్లాడడము మానేసిన అన్నదమ్ముడు కావచ్చు, పరీక్ష తప్పి మౌనముగా ఉన్న పిల్లవాడు కావచ్చు. వారి దగ్గరకు వెళదాము. వచ్చే వారము కాదు, ఈ వారమే.

మండుతున్న పొద హోరేబు కొండ మీద ఒక్కటే లేదు. మన వంటింటిలో, బస్టాండులో, గుడి వరండాలోని బల్ల మీద కూడ ఉన్నది. పక్కకు తిరిగి చూచేవారి కోసము దేవుడు కాచుకొని ఉన్నాడు.

ప్రభువా, మా కళ్ళకు మేమే కట్టుకొన్న గంతలు విప్పుము. మా పనులను దీవించుము, కాని మా పనులకు మమ్ము దాసులుగా ఉండనీయకుము. దారి పక్కన నీవు మండుతున్నప్పుడు ఆగి చూచే మనస్సు మాకు దయచేయుము. నజరేతు తిరుకుటుంబమా, మా కుటుంబముల కొరకు ప్రార్థించుము. ఆమెన్.