రక్షణ, మారుమనస్సు, శరణాగతి: అజామిళుడి కథలో మనం వదిలేసే సగం

 

ఈ వారం వీడియోలో అజామిళోపాఖ్యానం చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక అందులో ఒక ముఖ్యమైన విషయం వదిలేశాను. అది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం ఓపిగ్గా చదవండి.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి మీదుగా మెదక్ వెళ్లే దారి మీకు తెలిసే ఉంటుంది. ఆ వైపు పెరిగినవాళ్ల చెవిలో రెండు రకాల భక్తి మాటలు పడుతూనే ఉంటాయి. ఒకపక్క గుడి మైకులో సుప్రభాతం. ఇంకోపక్క సువార్త సభల్లో రక్షణ పొందారా, మారుమనస్సు పొందారా అన్న ప్రశ్న. మెదక్‌లో ఉన్న పెద్ద చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ, కరువులో అల్లాడుతున్న జనానికి పని చూపించి తిండి పెట్టడానికి దాన్ని కట్టించారు. కట్టడానికి దాదాపు పదేళ్లు పట్టింది. అంటే ఆ మాటలు మన ప్రాంతంలో కొత్తగా వచ్చినవి కావు. మన పక్కింటివాళ్లవి, కొన్ని ఇళ్లల్లో మన సొంత మేనమామలవి, వదినలవి కూడా.

అందుకే మనలో చాలామందికి ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. హాస్టల్‌లోనో ఆఫీసులోనో ఒక ఫ్రెండ్ అడుగుతాడు: "మీ దగ్గర పాపానికి క్షమాపణ ఉందా? కర్మ అంటే అనుభవించాల్సిందే కదా?" మనం అయితే కోప్పడతాం, లేకపోతే నవ్వేసి టాపిక్ మార్చేస్తాం. రెండూ జవాబులు కావు. ప్రశ్న మంచిది. మన గ్రంథాల్లో అంతకన్నా గట్టిగా అడిగినవాళ్లున్నారు.

ముందు అవతలివాళ్లు ఏం చెబుతున్నారో సరిగ్గా అర్థం చేసుకుందాం. క్రైస్తవ బోధలో మనిషి తన పుణ్యంతో తనను తాను రక్షించుకోలేడు. క్రీస్తు సిలువ త్యాగాన్ని నమ్మి, దేవుడి కృపతో రక్షణ పొందుతాడు. కానీ నమ్ముతున్నానని నోటితో అంటే సరిపోదని కూడా అదే బోధ చెబుతుంది. మారుమనస్సు అన్న మాటకి మూలమైన గ్రీకు పదానికి అర్థం కూడా మనసు మారడమే. లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య కథ ఉంది. యెరికో ఊళ్లో సుంకం వసూలు చేసేవాళ్లకి పెద్ద, బాగా డబ్బున్నవాడు. యేసు తన ఇంటికి వచ్చిన రోజున అతను ఆస్తిలో సగం పేదలకిస్తానంటాడు. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానంటాడు. ఆ మాట విన్నాకే ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు ప్రకటిస్తాడు. లెక్కతో సహా చెప్పిన పశ్చాత్తాపం అది.

ఇప్పుడు మన భాగవతానికి వద్దాం. ఆరో స్కంధం మొదట్లోనే పరీక్షిత్తు శుకమహర్షిని నిలదీస్తాడు. మనిషి పాపం చేస్తాడు, ప్రాయశ్చిత్తం చేసుకుంటాడు, మళ్లీ అదే పాపం చేస్తాడు. ఏనుగు ఏట్లో శుభ్రంగా స్నానం చేసి, ఒడ్డుకు రాగానే తొండంతో దుమ్ము తీసి ఒళ్లంతా పోసుకుంటుంది. ఇక ఈ ప్రాయశ్చిత్తం వల్ల లాభమేంటి? దీన్నే కుంజరశౌచం అంటారు. ఆలోచించండి, మన కర్మకాండ మీద ఇంత సూటి విమర్శ బయటివాళ్లెవరో చేసింది కాదు. మన రాజు, మన పురాణంలోనే, గంగ ఒడ్డున ఏడు రోజుల్లో చనిపోబోతూ అడిగాడు. ఊరికే వాదన కోసం అడిగే టైమ్ అతని దగ్గర లేదు.

శుకుడు కోప్పడలేదు. ఒప్పుకున్నాడు. కర్మని కర్మతో కడిగితే మూలం పోదు, అజ్ఞానం అలాగే ఉంటుంది, అసలు ప్రాయశ్చిత్తం విచారణ అన్నాడు. మన ఫీల్డ్ భాషలో చెప్పాలంటే, సిస్టమ్ హ్యాంగ్ అయిన ప్రతిసారీ సర్వర్ రీస్టార్ట్ చేయడం ఒక పద్ధతి. కోడ్‌లో తప్పు ఎక్కడుందో వెతికి సరిచేయడం ఇంకో పద్ధతి. మొదటిది చేస్తే ఆ రాత్రికి నిద్ర పడుతుంది. వచ్చే వారం మళ్లీ ఫోన్ మోగుతుంది. ఆ విచారణకి కావలసిన తపస్సు, నియమాలు చెప్పి, వాసుదేవుడి మీద భక్తి అయితే పాపాన్ని మూలంతో సహా పోగొడుతుందని చెబుతూ శుకుడు అజామిళుడి కథ ఎత్తుకుంటాడు.

కథ మీకు తెలుసు. కన్యాకుబ్జంలో బ్రాహ్మణుడు. ఒక స్త్రీ మోజులో పడి ఇల్లు వదిలేశాడు. దొంగతనం, జూదం, మోసం. ఎనభై ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. పదిమంది కొడుకుల్లో చిన్నవాడి పేరు నారాయణుడు. యమదూతల్ని చూసిన భయంలో వాణ్ని పిలిచాడు. విష్ణుదూతలు వచ్చి అడ్డుకున్నారు. చాలామంది ఇక్కడ ఆపేస్తారు. "చూశారా, ఒక్కసారి పేరు పలికితే చాలు" అని చప్పట్లు కొట్టి లేస్తాం.

కానీ అజామిళుడు ఆ క్షణంలో వైకుంఠానికి వెళ్లలేదు. మంచం మీదే ఉన్నాడు, బతికే ఉన్నాడు. అతనికి దొరికింది ఇంకొంచెం టైమ్. ఆ టైమ్‌లో ఏం గుర్తొచ్చిందో చూడండి. వేరే దిక్కులేని ముసలి తల్లిదండ్రుల్ని వదిలేశాను, ఏ తప్పూ లేని భార్యని వదిలేశాను అని కుమిలిపోయాడు. పాపం అనే పెద్ద మాట వెనక దాక్కోలేదు. ఎవరికి ఏం చేశాడో ఒక్కొక్కరినీ తలుచుకున్నాడు. తర్వాత బంధాలన్నీ విడిచి గంగాద్వారానికి, అంటే ఇప్పటి హరిద్వారానికి వెళ్లి, మనసుని భగవంతుడి మీద నిలిపాడు. అప్పుడు అదే విష్ణుదూతలు మళ్లీ వచ్చారు. ఈసారి తీసుకెళ్లడానికి.

నామం తలుపు తెరిచింది. నడవాల్సింది మాత్రం అతనే నడిచాడు. గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు కూడా ఎంత దురాచారుడైనా అనన్యంగా నన్ను భజిస్తే సాధువుగానే చూడమంటాడు. ఆ వెంటనే, అలాంటివాడు త్వరగా ధర్మాత్ముడవుతాడని చెబుతాడు. శ్రీవైష్ణవులు చెప్పే శరణాగతికి ఆరు అంగాలుంటే, మొదటి రెండూ ఏంటి? భగవంతుడికి ఇష్టమైనది చేస్తాననే సంకల్పం, ఇష్టం లేనిది వదిలేయడం. పేరు తలిస్తే పోతుందిలే అని ధైర్యంగా పాపం చేయడాన్ని నామాపరాధాల్లో లెక్కపెట్టారు.

ఇంకొక మాట. కృప గొప్పదా, మన ప్రయత్నం గొప్పదా అన్న చర్చ కూడా మనకి ఉంది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లికూనని తల్లే నోట కరుచుకుని మోస్తుంది. ఈ రెండు పోలికలతో వడగలై, తెంగలై ఆచార్యులు తరాల తరబడి వాదించుకున్నారు. క్రైస్తవుల్లో విశ్వాసమా, క్రియలా అన్న చర్చ దానికి దగ్గరగానే ఉంటుంది.

అంటే రెండూ ఒకటేనా? కాదు. వాళ్లకి క్రీస్తు ఒక్కడే మార్గం, ఒకటే జన్మ. మనకి ఎన్నో మార్గాలు, ఎన్నో జన్మలు, అజ్ఞానం నుంచి విడుదల. ఆ తేడాని దాచిపెట్టి అంతా ఒకటే అనేస్తే ఇద్దరినీ మోసం చేసినట్టే. మన దారి మీద నమ్మకం ఉన్నవాడికి అవతలివాణ్ని ఎగతాళి చేయాల్సిన అవసరం రాదు.

మన వైపు దీనికి మంచి ఉదాహరణ ఉంది. కామారెడ్డి నుంచి నిజామాబాద్ వెళ్లే దారిలో డిచ్‌పల్లి. డాక్టర్ ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ మిషనరీ, ఆమె భర్త జార్జ్ కెర్ అక్కడ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి పెట్టారు. అది 1915లో మొదలైంది. దానికి పెద్ద మొత్తంలో డబ్బిచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందువు. ఊళ్లు వెలివేసిన మనుషులకి పుళ్లు కడిగే చోటు కావాలి. ఆమె కడిగింది, ఆయన ఇచ్చాడు.

ఇక మన సంగతి. ఊళ్లల్లో గట్టు పంచాయితీలు మీరు చూసే ఉంటారు. ఒకాయన తమ్ముడి పొలం వైపు గట్టు రెండడుగులు జరుపుతాడు. తర్వాత ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయిస్తాడు, తిరుపతి వెళ్లి గుండు చేయించుకుంటాడు, హుండీలో వేస్తాడు. గట్టు మాత్రం అక్కడే ఉంటుంది. ఇదే మనిషి రేపు బాప్తిస్మం తీసుకుని, గట్టు అక్కడే ఉంచాడనుకోండి, జక్కయ్య కథ అతన్ని వదిలిపెట్టదు. మన పక్షాన పరీక్షిత్తు అడిగే ప్రశ్న కూడా అదే. స్నానం అయింది సరే, దుమ్ము సంగతేంటి?

సిటీలో మన గట్లు వేరే రకంగా ఉంటాయి. అప్పు తీసుకుని ఫోన్ ఎత్తకపోవడం. జూనియర్ చేసిన పనిని మన పేరు మీద చూపించుకోవడం. ఊళ్లో నాన్నకి రెండు నెలలుగా ఫోన్ చేయకపోవడం. వచ్చే ఏకాదశికి ఉపవాసం ఉండేవాళ్లు ఉండండి, నామం ఎలాగూ చేసుకుందాం. దాంతోపాటు అజామిళుడిలా ఒక్క మనిషి పేరు తలుచుకోండి, మీవల్ల నష్టపోయిన మనిషి. డబ్బయితే తిరిగి ఇవ్వండి. మాటయితే వెళ్లి చెప్పండి. ఆ మనిషి క్షమించకపోవచ్చు, అది వాళ్ల ఇష్టం. ఇవ్వాల్సింది ఇవ్వడం మన పని.

మీ ఫ్రెండ్ మళ్లీ ఆ ప్రశ్న అడిగితే, ఉందని చెప్పండి. ఆరో స్కంధం కథ మొత్తం, చివరిదాకా చెప్పండి. అతను జక్కయ్య కథ చెబితే శ్రద్ధగా వినండి. వచ్చే వారం ప్రహ్లాద చరిత్ర మొదలుపెడదాం.

సర్వే జనాః సుఖినో భవంతు.