మోయడమా, దారి వేయడమా?

జగ్గయ్యపేట ధనంబోడును 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు బయటపడిన బౌద్ధ శిల్పాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. మన ఊరి రాళ్లను మనం చూడాలన్నా అంతదూరం పోవాలి. నడవగలిగిన వారికి అది రైలు ఖర్చుతో పోతుంది. నడవలేని వారికి మాత్రం ఏ మ్యూజియంలోనైనా గుమ్మం దగ్గరే అసలు ప్రయాణం మొదలవుతుంది.

కొన్నేళ్ల క్రితం నందిగామ, జగ్గయ్యపేట యువతను ఒక మ్యూజియానికి తీసుకెళ్లాను. వారిలో పోలియో వచ్చిన అబ్బాయి ఒకడున్నాడు. మెట్ల దగ్గర నలుగురు కుర్రాళ్లు అతన్ని కుర్చీతో సహా ఎత్తి లోపలికి తీసుకెళ్లారు. నా మనసు పొంగిపోయింది. పక్షవాత రోగిని ఇంటికప్పు విప్పి ప్రభువు ముందుకు దించిన నలుగురు గుర్తొచ్చారు. ఆదివారం ప్రసంగంలో చెప్పాను కూడా. పూజ అయ్యాక అతను మెల్లగా అన్నాడు: “పై అంతస్తు కూడా చూడాలనిపించింది, ఫాదర్. మళ్లీ ఎత్తమని అడగలేక చాలన్నాను.”

మోసినవారి ప్రేమలో లోపం లేదు. అయితే సువార్తలో ఆ గుమ్మానికి అడ్డు నిలిచింది జనమేనన్న సంగతి నా ప్రసంగంలో రాలేదు. ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వాలన్న నిలకడైన సంకల్పమే న్యాయమని సెమినరీలో పునీత తోమాస్ అక్వినాస్ దగ్గర చదువుకున్నాం. దయ కావాలంటే అడగాలి, మోసేవారి ఓపిక చూసుకోవాలి. ర్యాంపుకు అవేవీ అక్కర్లేదు. నలుగురూ రాని రోజున కూడా అది అక్కడే ఉంటుంది.

“కొద్దిమంది కోసం అంత ఖర్చా?” అని ఒక పెద్దాయన అడిగారు. మెట్లు కట్టడానికీ ఖర్చయింది. ఆ లెక్క ఎవరూ అడగలేదు.

చూపులేని వారి విషయం ఇంకాస్త చిక్కు. ‘తాకరాదు’ అన్న బోర్డు అన్యాయమేమీ కాదు. రాయి అరిగిపోతే పుట్టబోయేవారి వాటా పోతుంది. అయినా ఢిల్లీ జాతీయ మ్యూజియం 2015లో ‘అనుభవ్’ గ్యాలరీ తెరిచి, శిల్పాల నకళ్లను చేతులతో తడిమి తెలుసుకొనే వీలు కల్పించింది. పక్కనే బ్రెయిలీలో వివరాలు పెట్టింది. అసలు రాయి భద్రంగానే ఉంది. ‘వీలుకాదు’ అన్నచోట చాలాసార్లు మనం ఆలోచించి ఉండం, అంతే.

ప్రజలు వచ్చిపోయే భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలని 2016 చట్టం చెప్పింది. ఆ ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నియమాలు చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. వికలాంగులన్న పేరును దివ్యాంగులని మార్చుకున్నాం గాని, మెట్ల జోలికి పోలేదు.

మా దేవాలయానికి ఐదు మెట్లు. నాలుగేళ్లుగా ఎక్కుతూ దిగుతూ ఉన్నా, మొన్ననే లెక్కపెట్టాను. ఆ అబ్బాయి ఇప్పటికీ ప్రక్క తలుపు బయట, వేపచెట్టు కింద నుంచే పూజ వింటున్నాడు.