ఎవరి పాపం?

మన ఏజెన్సీ ఊళ్లలో ఎవరికైనా జ్వరం ముదిరితే మందుకన్నా ముందు ఒక మాట వస్తుంది: ఏం పాపం చేశాడో! పూర్వం దేవతకు కోపం వచ్చిందనేవాళ్లం. చర్చికి వెళ్తున్నాక విశ్వాసం చాలలేదంటున్నాం. నింద మాత్రం అలాగే ఉంది.

బైబిల్లో యోబు పిల్లల్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్నాడు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు అతనితో పాటు నేలమీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత నోరు తెరిచి, తప్పు నీదేనన్నారు. యోబు ఒప్పుకోలేదు, దేవుణ్ణే నిలదీశాడు. చివరికి దేవుడి కోపం రగిలింది ఆయన్ను వెనకేసుకొచ్చిన ఆ స్నేహితుల మీదే. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, యేసు కూడా అతణ్ణి గానీ, కన్నవాళ్లను గానీ తప్పుపట్టలేదు.

మలేరియా దోమవల్ల వస్తుంది. రోడ్డులేక డోలీలో మోసుకెళ్లేసరికి ప్రాణం మీదికొస్తుంది. దాన్ని పాపమనుకుంటే దోమతెర అడగం, రోడ్డూ అడగం.

బాధ ఎందుకన్నదానికి యోబుకే జవాబు దొరకలేదు. డోలీ కర్రకు భుజం పట్టడానికి ఆ జవాబు అక్కర్లేదు. సిలువ మీద తానే బాధపడిన దేవుణ్ణి నమ్మేవాళ్లం, బాధలో ఉన్నవాళ్లను వేలెత్తి ఎలా చూపగలం?