నడివయసులో చక్కెర శాస్త్రం

నలభై దాటాక కొత్త సాంకేతిక విద్య నేర్చుకోవాలనుకునేవారు చాలామంది పాఠ్యపుస్తకం మొదటి పేజీతో మొదలుపెట్టి నాలుగో అధ్యాయం దగ్గర వదిలేస్తారు. ఆ నెపం వయసు మీద వేయడం అన్యాయమని నా నమ్మకం. బడిపిల్లలకు అర్థమైనా కాకున్నా ముందుకు నెట్టే పరీక్ష ఉంటుంది. పెద్దవారికి ఉన్నది తమ బతుకుకు కావలసిన ప్రశ్న ఒక్కటే, చదువు దానితోనే మొదలవ్వాలి. బోధన్ ప్రాంతంలో ఆ ప్రశ్న చెరకు ధరలోనే ఉంది. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన క్వింటాలుకు 355 రూపాయల ధర 10.25 శాతం రికవరీకి, అంటే నూరు కిలోల చెరకుకు పదింబావు కిలోల చక్కెర చొప్పున. 1937లో అక్కడి శక్కర్‌నగర్‌లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. దాన్ని తిరిగి తెరవమని అడిగే రైతుకు, కార్మికుడి బిడ్డకు ఈ శాతం వెనుక లెక్క తెలిస్తే వారి మాటకు బలం పెరుగుతుంది.

రసాయన శాస్త్రం పునాది లేకుండా ఇదంతా ఎలా అర్థమవుతుందని అడగవచ్చు. రిఫ్రాక్టోమీటర్ గాజు మీద రసం చుక్క వేస్తే బ్రిక్స్ 20 చూపిందనుకుందాం. అంటే వంద గ్రాముల రసంలో కరిగి ఉన్నవి సుమారు 20 గ్రాములు. అందులో పలుకు కట్టే సుక్రోజు 17 గ్రాములే అయితే శుద్ధత 85 శాతం. మరి మిగతా మూడు గ్రాములేమిటి? గ్లూకోజు, ఫ్రక్టోజు గురించి ఇక చదవక తప్పదు. నరికిన చెరకు ఎండలో పడి ఉంటే తూకం తగ్గుతుందని రైతుకు ఎప్పటి నుంచో తెలుసు. నీరు ఆరిపోయి బ్రిక్స్ పెరుగుతున్నా, లోపల సుక్రోజు ఆ రెండు చక్కెరలుగా విడిపోయి శుద్ధత పడిపోతుందన్నది కొత్త సంగతి. పునాది ఇలా అవసరం పడ్డ చోట పడితేనే నిలుస్తుంది.

పెద్దవారి అనుభవమే కొత్త విద్యకు అడ్డొస్తుందన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. కొంత నిజమే. ఫ్రక్టోజు సుక్రోజు కన్నా తియ్యన కాబట్టి నాలుక మోసపోతుంది. అయినా అనుభవాన్ని పారేయనక్కర్లేదు, కొలతతో సరిచూసుకుంటే చాలు. గడ మొదలు తియ్యగా, కొస చప్పగా ఉంటుందని చెరకు నమిలినవారందరికీ తెలుసు. రెండు చోట్లా బ్రిక్స్ దగ్గరదగ్గరగా వస్తే తోట పక్వానికి వచ్చినట్టన్న పరీక్ష ఆ ఎరుకనే అంకెల్లో పెట్టింది. బోధన్ చుట్టుపక్కల రైతు సంఘాలు ఒక్కో రిఫ్రాక్టోమీటర్ కొని, ఈ చదువును తోట గట్టు మీదే మొదలుపెట్టాలని నా విన్నపం.