చూస్తూ కూర్చోవడానికి ఎవరికి వీలుంది?

నా దగ్గర ఒక పాత నోటుపుస్తకం ఉంది. అందులో 41 రోజులపాటు అంకెలు తప్ప మరేమీ లేవు. 1240, 1190, 1150, 1165... మా అమ్మాయి 31వ వారంలోనే పుట్టింది. నెలలు నిండని పిల్లలు మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గడం మామూలేనని డాక్టరు ముందే చెప్పారు. అయినా తగ్గిన ప్రతి గ్రామూ నా శరీరం చేసిన తప్పులాగే అనిపించేది. మాతృత్వానికి సాహిత్యం కట్టిన గుడిని విమర్శిస్తూ సిద్ధాంతవ్యాసం రాసినదాన్ని నేను. ఆ చదువేదీ గాజుపెట్టె ముందు అక్కరకు రాలేదు.

ఖమ్మంలోని ఆ ఆసుపత్రిలో తల్లిని పొద్దున గంట, సాయంత్రం గంట లోపలికి రానిచ్చేవారు. మిగతా సమయమంతా వరండాలోనే. పిండిన పాలు లోపలికి వెళ్లేవి, నేను బయట ఉండేదాన్ని.

నా పక్క చాప ఒక కోయ యువతిది. భద్రాచలం అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని గూడెం. అంత దూరం నుంచి అంబులెన్సులో వచ్చింది. కొడుకు బరువు చీటీ నాచేత చదివించుకునేది. అందుకే నా పుస్తకంలో వాడి అంకెలు కూడా పక్క వరసలో ఉన్నాయి.

ఒక రాత్రి లోపల అలారం మోగింది. సిస్టర్లు పరుగెత్తారు. తలుపు సందులోంచి చూశాను. మా పెట్టె కాదు. 'హమ్మయ్య' అనుకున్నాను. ఆ తర్వాతే అది ఎవరి పెట్టో చూశాను.

ఆ హమ్మయ్యే నాచేత ఈ వ్యాసం రాయిస్తోంది. బిడ్డ ప్రాణం కాపాడే పనిలోంచి ఒక ఆలోచనా విధానం పుడుతుందనీ, అది శాంతి రాజకీయాలకు బలం కాగలదనీ సారా రుడిక్ 1989లో 'మెటర్నల్ థింకింగ్'లో వాదించింది. కానీ నా బిడ్డ మీద ప్రేమ పక్క బిడ్డ దాకా తనంతట తాను వెళ్లలేదు. నాకది ఆ రాత్రి తెలిసింది.

పిల్లవాడు ఆ గండం గట్టెక్కాడు. తొమ్మిది రోజుల తర్వాత ఆమె వాణ్ణి తీసుకుని వెళ్లిపోయింది. "ఆకు కాలం అక్కా. ఇంటికాడ ఇద్దరు చిన్నోళ్లున్నరు. మా ఆయన కూలి ఇడిసిపెట్టి ఎన్ని దినాలు ఈడ కూసుంటడు?" అంది. వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్లినట్టు కాగితం రాసి వేలిముద్ర వేయించుకున్నారు. "వీళ్లకి పిల్లలంటే అంత ప్రేమ ఉండదమ్మా" అని వరండాలో ఎవరో అన్నారు. నేను నోరు విప్పలేదు.

ఆ మాటకు జవాబు చరిత్రలోనే ఉంది. ఇంక్యుబేటర్ల తొలి రోజుల్లోనే, బిడ్డనుంచి వేరు చేస్తే తల్లికి ఆసక్తి సన్నగిల్లుతుందని పారిస్ వైద్యుడు పియరీ బుదాఁ గమనించాడు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, అంటురోగాలు ప్రబలి, తల్లులు పిల్లల్ని వదిలేసి వెళ్లిపోతుంటే, ఎడ్గార్ రే అనే వైద్యుడు బిడ్డను తల్లి గుండెకు ఆనించి కట్టే పద్ధతి మొదలుపెట్టాడు. 2021లో వెలువడిన, మన దేశంతోపాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన అధ్యయనంలో, 1 నుంచి 1.8 కిలోల లోపు పిల్లల్ని పుట్టగానే అలా తల్లితో ఉంచితే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే సిఫారసు చేసింది. అంటే ముందు విడదీసేది మనం. ఆనక ప్రేమ లేదనేదీ మనమే.

అయితే గుండెకు కట్టుకుని కూర్చోవడానికి కూడా రోజులు కావాలి. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలయింది. ఏప్రిల్, మే ఎండల్లో తునికాకు కోసే మనిషికి ఆ చట్టం వర్తించలేదు. నేను వరండాలో కూర్చున్న ప్రతి రోజుకూ నాకు జీతం పడింది. ఆమె కూర్చున్న ప్రతి రోజూ ఇంట్లో కూలి పోయింది. నా ఓపికను అందరూ తల్లి ప్రేమన్నారు. అందులో సగం నా ఉద్యోగమే.

తల్లికి పిల్లల వార్డులోనే మంచం, తిండి, ఇంటి దగ్గరి పిల్లలకు ఆసరా, పోయిన కూలికి పరిహారం. ఇవి దయతో ఇచ్చేవి కావు, వైద్యంలో భాగం. ఇవన్నీ ఇచ్చాక కూడా ఒక తల్లి వెళ్లిపోతే అప్పుడు ఆమె ప్రేమ గురించి మాట్లాడుకుందాం.

నా పుస్తకంలో మా అమ్మాయి వరస 1910 దగ్గర ఆగింది. ఆ రోజు ఇంటికి వచ్చాం. పక్క వరస 1325 దగ్గర ఆగింది. దాని కింద ఖాళీ.