మొక్కు లేని కొండ

కొండలెక్కించే బృందాలు వేసే ప్రకటనల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది: 'కష్టం: మధ్యస్థం'. సులువు, మధ్యస్థం, కఠినం అని మూడు గడులు గీసి, దూరాన్నీ ఎత్తునీ చూసి ప్రతి కొండనీ ఏదో ఒక గడిలో కూర్చోబెడతారు. ఈ చలికాలంలో ఒక ఆదివారం భువనగిరి కోట ఎక్కాలని మేం నలుగురు స్నేహితులం అనుకున్నప్పటినుంచీ ఈ 'మధ్యస్థం' అన్న మాట నన్ను వదలటం లేదు. ఎవరికి మధ్యస్థం? దేన్ని బట్టి మధ్యస్థం?

భువనగిరి హైదరాబాదుకి సుమారు 50 కిలోమీటర్లు. సికింద్రాబాదులో కాజీపేట వైపు వెళ్ళే రైలెక్కితే పొద్దున్నే దిగిపోవచ్చు. ఊరి మీదికి వంగినట్టు నిలబడ్డ ఒకే ఒక్క రాయి, దాదాపు 500 అడుగుల ఎత్తు. కల్యాణి చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి కాలంనాటి కోట దాని మీద ఉంది. కొంతదూరం మెట్లు, ఆ తర్వాత నున్నటి రాతి వాలు, పట్టుకోడానికి కమ్మీలు. పైన కూలిన గోడలు, నీళ్ళు నిలిచే రాతి దొనలు. చుట్టూ చూస్తే కంటికి ఆనినంత మేర ఊళ్ళూ పొలాలూ. పర్వతారోహకుల లెక్కలో ఇది కొండే కాదు. మోకాళ్ళు అరిగిన మనిషికి మాత్రం కొండే. మా నలుగురిలో ఇద్దరికి అరవై దాటాయి.

కొండకి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టడానికి పాతకాలపు సూత్రం ఒకటుంది. స్కాట్లండుకి చెందిన విలియం నైస్మిత్ 1892లో చెప్పాడు. మూడు మైళ్ళ దూరానికి ఒక గంట, పైన ఎక్కే ప్రతి 2000 అడుగులకీ మరో గంట. ఈ లెక్కన భువనగిరి ఎత్తుకి పావుగంట చాలు. నడక దూరం కలిపినా అరగంటలో పైనుండాలి. మేం గంటన్నర పెట్టుకున్నాం. నైస్మిత్ లెక్క తప్పు కాదు. ఆయన అది వేసింది ఒంట్లో సత్తువ ఉన్న మగవాళ్ళ కోసం. కొండ మొదట్లో నిలబడేసరికి ఆ మనిషి రాత్రంతా నిద్రపోయి ఉంటాడు, ఎవరో పెట్టిన టిఫిను తిని ఉంటాడు. మాలో ఒకరికి ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి దగ్గర మొదలవుతుంది. మంచంలో ఉన్న అత్తగారికి మందులిచ్చి, మధ్యాహ్నానికి వండి మూతలు పెట్టి, తాళంచెవులు ఎవరికో అప్పజెప్పి బయల్దేరాలి. ఆమె మొదటి అడుగు వేసేసరికే ఒక కొండ ఎక్కి దిగింది. ఆ కొండకి ఏ సూత్రమూ లేదు.

స్త్రీ ఎక్కితే కొండే తక్కువైపోయిన సందర్భం కూడా ఉంది. ఆల్ప్స్ పర్వతాల్లోని గ్రెపాన్ శిఖరాన్ని ఇంగ్లండుకి చెందిన లిలీ బ్రిస్టో 1893లో ఎక్కింది. ఆమె బృందంలో ఉన్న ఆల్బర్ట్ మమరీ 1895లో తన పుస్తకంలో ప్రతి శిఖరానికీ మూడు దశలుంటాయని రాశాడు. మొదట ఎవరికీ అందనిది, తర్వాత అన్నిటికన్నా కష్టమైనది, చివరికి ఒక ఆడమనిషి హాయిగా గడిపే రోజు. సరదాకే అని ఉండొచ్చు. కానీ అందులోని తర్కం మనకి కొత్తది కాదు. ఆమె చేసింది కాబట్టి అది కష్టమైన పని కాదు. వంటా అంతే, ప్రసవమూ అంతే.

అసలు మన స్త్రీలు కొండలెక్కనిదెప్పుడు? అలిపిరి నుంచి తిరుమలకి 3550 మెట్లు. ప్రతి మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మళ్ళీ లేచి ఎక్కే అమ్మలని చూడని వాళ్ళెవరు? ఆ శ్రమని ఎవరూ ఏ గడిలోనూ వెయ్యలేదు. ఆ ఎక్కడానికి అత్తగారూ అడ్డు చెప్పదు, భర్తా సెలవు పెట్టి తోడొస్తాడు. ఎందుకంటే దానికి ఒక మొక్కుంది. పిల్లాడి చదువు కోసం, ఇంటాయన ఆరోగ్యం కోసం ఆమె ఎక్కుతోంది. తన కాళ్ళు నొప్పెట్టినా ఫలం మరొకరికి.

మేం కొండెక్కుతామనగానే అందరూ అడిగింది ఒకటే: "ఎందుకు?" మా పనిమనిషి మొదట సంతోషపడింది. ఆ ప్రాంతంలో 'గుట్ట' అంటే యాదగిరిగుట్టే. భువనగిరికి పక్కనే కదా. "గుట్టకు పోతున్నరా అమ్మా? నా పేరు మీద గూడ ఒక కొబ్బరికాయ కొట్టుండ్రి" అంది. ఆ గుట్ట కాదు, కోట అని చెప్పాను. "ఊకెనే ఎక్కుతరా? మొక్కు లేకుంటనా?" అని నవ్వింది. మా అన్నయ్య నవ్వలేదు. "ఈ వయసులో ఏం సాధించాలని?" అన్నాడు.

ఈ 'సాధించడం' గురించి కొంచెం ఆలోచించాలి. ఇదే భువనగిరి రాతి మీద శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన గిరిజన బాలిక, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. తలుచుకుంటేనే గుండె పొంగుతుంది. అయితే, స్త్రీ ఇల్లు దాటడాన్ని లోకం రెండు సందర్భాల్లో క్షమిస్తుందని నాకనిపిస్తుంది. ఒకటి త్యాగం, రెండోది ఘనకార్యం. అయితే మొక్కు తీర్చుకోవాలి, లేకపోతే రికార్డు సృష్టించాలి. ఈ రెండింటి మధ్య చాలా పెద్ద జాగా ఉంది. ఎవరి కోసమూ కాక, ఏమీ నిరూపించక, ఒక ఎత్తుకి వెళ్ళి గాలి పీల్చుకుని, తెచ్చుకున్న పులిహోర తిని, దిగి వచ్చే మామూలు రోజు అది. ఆ మధ్యస్థమైన రోజే మనకి అన్నిటికన్నా కఠినం. చక్కెర వ్యాధికి నడక మంచిదని చెప్తే ఇంట్లో ఒప్పుకుంటారు, నిజమే. కానీ అప్పుడు అది మందుబిళ్ళ అవుతుంది. ఆనందానికి డాక్టరు చీటీ అడిగినట్టుంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి వెళ్ళకూడదు. కట్టెల కోసం, మేకల వెంట, రాళ్ళు మొయ్యడానికి రోజూ గుట్టలెక్కే స్త్రీలున్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో అడవులూ గుట్టలూ పట్టి తిరిగిన స్త్రీలున్నారు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తీసుకురాబట్టి వాళ్ళ గొంతులు మనదాకా వచ్చాయి. వాళ్ళ ముందు మన ఆదివారపు విహారం ఎంత? జీతం ఉన్నవాళ్ళ సరదా కాదా ఇది? అవును, ఇవాళ్టికి అది జీతమూ సెలవూ ఉన్నవాళ్ళకే అందుతోంది. అందుకని దాన్ని వదులుకుంటే న్యాయం జరుగుతుందా? కట్టెలు మోసే స్త్రీకి కూడా మోపు లేకుండా ఒక్కసారి అదే గుట్ట ఎక్కి కూర్చోవాలని ఉండొచ్చు. శ్రమ చేసేవాళ్ళకి ఆనందం అక్కరలేదన్నది యజమానుల సిద్ధాంతం, మనది కాకూడదు. కారణం చెప్పనక్కరలేని రోజు హక్కయితే అందరికీ హక్కు, లేకపోతే అది వట్టి వెసులుబాటు.

ఈ ఆలోచనతోనే మా ప్రయాణానికి కొన్ని నియమాలు రాసుకున్నాం. రాయి వేడెక్కకముందే, ఏడింటికల్లా ఎక్కడం మొదలుపెట్టాలి. వాన పడితే వెళ్ళకూడదు, తడి రాయి జారుతుంది. అందరికన్నా మెల్లగా నడిచే మనిషి ముందు నడవాలి. మిగతావాళ్ళు ఆమె వెనక నడుస్తారు, ముందుకెళ్ళి ఎదురుచూడరు. ఎదురుచూసేవాళ్ళు అప్పటికే సేదతీరి ఉంటారు, ఆమె వచ్చి చేరగానే మళ్ళీ బయల్దేరతారు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, అవి తాగడానికే. దారిలో మరుగుదొడ్డి ఉంటుందో లేదోనని గొంతు ఎండబెట్టుకుని ప్రయాణం చేసే మన అలవాటుని ఆ రోజు మానుకోవాలి. చాటు కావాలంటే పట్టుకోడానికి ఒక పాత చీర సంచీలో ఉంటుంది. తొమ్మిదింటికి ఎక్కడున్నా, అడుగు దూరంలో శిఖరం ఉన్నా, ఆగి వెనక్కి తిరగాలి. ఆ గడియని కిందే, బుద్ధి నిమ్మళంగా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. ఎవరు సగంలో ఆగినా వాళ్ళ పక్కన ఇంకొకరు కూర్చోవాలి. సగం కొండ నుంచి కూడా ఊరు కనిపిస్తుంది.

ఇవన్నీ రాశాక ఒకటి మిగిలింది. మా నాలుగిళ్ళ పనీ ఆ రోజు ఎవరు చేస్తారు? మా ఆదివారం మరో ముగ్గురు నలుగురు స్త్రీల భుజాల మీద పడితే మేం ఎక్కింది ఏ కొండ? మనింట్లో పనిచేసే మనిషి సెలవడిగితే మనం కూడా "ఎందుకు?" అనే అడుగుతాం. చావుకో, జ్వరానికో, జాతరకో ఇస్తాం. "మొక్కు లేకుంటె నాకు సెలవెవరిస్తరమ్మా?" అని ఆమె నవ్వుతూనే అంది. ఆమె ఆ మాట అన్నాక ఈ వ్యాసంలో నేను రాసిందంతా ఆమె ముందు పరీక్షకి నిలబడింది.

అందుకని నియమాల చివర ఇంకొకటి చేర్చాం. ఆ ఆదివారం మా నాలుగిళ్ళలో పనిచేసేవాళ్ళకీ జీతంతో సెలవు. కారణం అడగం. ఇంట్లోవాళ్ళు వండుకు తింటారు, లేదా రాత్రి అన్నం కలుపుకుంటారు. వస్తానంటే మాతో రమ్మని ఆమెని పిలిచాను. రానంది. "గుట్టలు మస్తు ఎక్కిన. ఆ దినం పండుకుంట" అంది.